సొరదేవుడి లంకలో నాలుగు రాత్రులు: ఫిజీలోని కందవు

ఫిజీ పేర్లతో మొదట కాస్త తికమక. ఇంగ్లీషు అక్షరాల్లో నాడి అని ఉంటుంది, పలికేది నాండి. కదవు అని ఉంటుంది, పలికేది కందవు. సొరచేప రూపంలో ఉండే అక్కడి సముద్ర దేవుడి పేరు దకువంగ. ఆయన కోసమే మేం ఇంత దూరం వెళ్ళాం.

సింగపూర్ నుంచి నాండికి దాదాపు పది గంటల ప్రయాణం. నాండిలో రెండు రాత్రులున్నాం. శివసుబ్రహ్మణ్య స్వామి గుడి రంగులు చూడగానే ఊరికి వచ్చినట్టే అనిపించింది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల్లో పనికి వెళ్ళిన గిర్మిట్ కూలీల్లో, అంటే ఒప్పందం మీద వెళ్ళిన కూలీల్లో, తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తలుచుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. మేం దిగిన రిసార్టు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గది శుభ్రం, భోజనం చప్పిడి, ఇలాంటి గది ఏ దేశంలోనైనా దొరుకుతుంది.

పసిఫిక్ హార్బర్ దగ్గర మావారు సొరచేపల మధ్య డైవింగ్ చేశారు. ఆ చోటు 2004లో ఏర్పడిన రక్షిత ప్రాంతం. అక్కడ వేట మానుకున్న ఊళ్ళకి, డైవింగుకి వచ్చేవాళ్ళు కట్టే రుసుములోంచి వాటా వెళుతుంది. బుల్ షార్కులు చేతికందేంత దగ్గరగా తిరిగాయట. గైడ్లు ఒక్కొక్కరినీ కనిపెట్టుకుని ఉన్నారని ఆయన ఎంతో మెచ్చుకున్నారు. డైవింగ్ వచ్చినవాళ్ళు ఆ డబ్బు ధైర్యంగా పెట్టవచ్చు.

నా మనసు మాత్రం కందవులోనే ఉండిపోయింది. చిన్న విమానంలో వునిసేయా దగ్గర దిగితే, అక్కడినుంచి పడవే దారి. రోడ్లు లేవనే చెప్పాలి. మాకు బుకింగ్ చేసిన ఏజెంటు పడవ ఖర్చు సంగతే ఎత్తలేదు. తీరా వెళ్ళాక చూస్తే అది విమానం టికెట్టుకి దగ్గరదగ్గరగా ఉంది. మీరు ముందే అడిగి, రాతలో తీసుకోండి. సామాను ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకోండి, అలలకి మా బట్టలన్నీ తడిసిపోయాయి.

ఊళ్ళో ఒక కుటుంబం ఇంట్లో దిగాం. సోలార్ దీపాలు, చన్నీళ్ళ స్నానం, దోమతెర, కిటికీ తెరిస్తే సముద్రం. కర్రపెండలం, చేమదుంప, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు. ఆ చేమాకు కూర నేను మూడు పూటలా తిన్నాను. శాకాహారులకి ఇబ్బంది లేదు కానీ కారం ఉండదు.

వెళ్ళగానే సెవుసెవు చెయ్యాలి. అంటే యంగోన అనే వేళ్ళకట్ట తీసుకెళ్ళి ఊరిపెద్ద ముందు పెట్టి, మీ ఊరికి వచ్చాం, ఉండనివ్వండి అని అడగడం. నాండి బజారులో కట్టలు అమ్ముతారు. టోపీ, నల్లకళ్ళద్దాలు తీసెయ్యాలి, మోకాళ్ళు కప్పుకోవాలి. కొబ్బరి చిప్పలో ఆ వేళ్ళ రసం ఇస్తే ఒకసారి చప్పట కొట్టి, 'బులా' అని ఒక్క గుక్కలో తాగాలి. ఆపైన మూడు చప్పట్లు. నాలుక కాసేపు మొద్దుబారింది.

మర్నాడు పగడపు దిబ్బ దగ్గరికి తీసుకెళ్తూ పడవ నడిపే పెద్దాయన కథ చెప్పారు. దకువంగ ఒక్కో దీవికీ వెళ్ళి, అక్కడి కాపలా దేవుళ్ళని ఓడించుకుంటూ కందవు దాకా వచ్చాడు. ఇక్కడ కాపున్నది ఆక్టోపస్. అది నాలుగు చేతులతో పగడపు దిబ్బని గట్టిగా పట్టుకుని, తక్కిన నాలుగింటితో సొరని చుట్టేసి నలిపేసింది. ప్రాణం మీదికొచ్చి బతిమాలుకుంటే, కందవు మనుషుల జోలికి రానని మాటిస్తేనే వదిలింది. "ఆ మాట ఇంకా ఉంది, మీరు దిగండి" అన్నారాయన. రెక్కల చివర తెల్లగా ఉన్న సొర ఒకటి నా కిందుగా వెళ్ళింది. నాకు వణుకు పుట్టింది. ఆయన మాత్రం దాన్ని ఇంటి పెద్దని చూసినట్టు చూశారు. భీమిలి తీరంలో గంగమ్మకి దండం పెట్టి పడవ తోసేవాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి.

ఊరంతా చర్చికి వెళ్ళేవాళ్ళే. ఆదివారం పడవ కదలలేదు, మమ్మల్నీ ఈతకి వెళ్ళొద్దన్నారు. పాత దేవుడిని మాత్రం ఎవరూ చులకనగా మాట్లాడరు.

నమువన అనే ఊళ్ళో ఆడవాళ్ళు కొండ అంచున నిలబడి పాడితే, తాబేళ్ళుగా మారిపోయిన తల్లీకూతుళ్ళు నీటి మీదికి వస్తారట. వాళ్ళని ఎత్తుకుపోయింది నబుకెలెవు ఊరివాళ్ళు, అందుకే ఆ ఊరివాడు ఒక్కడున్నా రారట. అడిగినప్పుడల్లా పాడే పాట కాదది. మేం వినలేదు, పాడమని అడగనూ లేదు.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం, ఆ నెలల్లో పెట్టుకోకండి. రోజులు తక్కువుంటే నాండిలో ఒక్క రాత్రి చాలు, మిగిలినవన్నీ కందవుకే ఇవ్వండి. మేం బయల్దేరిన పొద్దున, పెద్దాయన మోటారు తిప్పబోయే ముందు చిప్పెడు యంగోన సముద్రంలో పోశారు. ఎవరికని మేం అడగలేదు.