స్పెషల్ ప్రాసిక్యూటరా, సస్పెన్షనా, ఓటరా: ఏది మేలు?

ప్రభుత్వం తరఫున నేరాల కేసులు వాదించే లాయరే పబ్లిక్ ప్రాసిక్యూటర్, పొట్టిగా పీపీ. మన దగ్గర స్పెషల్ పీపీ అంటే బాధితులు పోరాడి తెచ్చుకునే మనిషి. పీపీని వేసేది ప్రభుత్వమే కాబట్టి, ఆయన మీద నమ్మకం లేనివాళ్లు మా కేసుకు ఫలానా లాయర్ని వేయండని అడుగుతారు. అమెరికాలో వ్యవహారం వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో స్థానిక ప్రాసిక్యూటర్ని జనమే ఓటేసి గెలిపిస్తారు. అలా గెలిచినాయన "ఈ చట్టం కింద నేను కేసులు నడపను" అని తేల్చి చెబితే ఏం చేయాలి? వేరే ప్రాసిక్యూటర్ని తేవాలా, ఈయన్నే తీసేయాలా, వచ్చే ఎన్నికల దాకా ఆగాలా?

మూడూ ఒకే చోట చూడాలంటే ఫ్లోరిడాలోని ఓర్లాండో చాలు. ఆరంజ్, ఆసియోలా కౌంటీలకు కలిపి అక్కడ ఒక స్టేట్ అటార్నీ, అంటే ఎన్నికైన స్థానిక ప్రాసిక్యూటర్ ఉంటారు. 2017 మార్చిలో ఆ కుర్చీలో ఉన్న అరామిస్ అయాలా, తన హయాంలో ఏ కేసులోనూ మరణశిక్ష అడగబోనని ప్రకటించారు. అప్పుడు ఆమె చేతిలో ఉన్నది మార్కీత్ లాయిడ్ కేసు. గర్భవతి అయిన మాజీ ప్రియురాలిని, తర్వాత తనను పట్టుకోబోయిన పోలీసు అధికారిణిని కాల్చి చంపాడన్నది అతని మీద అభియోగం. ప్రకటన వచ్చిన రోజే గవర్నర్ రిక్ స్కాట్ ఆ కేసును పక్క సర్క్యూట్‌ (కోర్టు పరిధి) చూసే స్టేట్ అటార్నీ బ్రాడ్ కింగ్‌కు అప్పగించారు. ఆ తర్వాత మరో రెండు డజన్ల దాకా హత్య కేసులు అదే దారి పట్టాయి.

అయాలా సుప్రీంకోర్టుకెక్కారు. ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆగస్టులో 5-2 తేడాతో గవర్నర్ పక్షాన నిలిచింది. ప్రాసిక్యూటర్‌కు విచక్షణ ఉంది, నిజమే. కానీ విచక్షణ అంటే ఒక్కో కేసు చూసి నిర్ణయించడం. ఏ కేసూ చూడకుండా అన్నిటికీ ఒకటే జవాబు చెప్పడం విచక్షణ కాదంది. తీర్పు రాగానే అయాలా తన ఆఫీసులోనే ఒక కమిటీ వేసి, మరణశిక్ష అడగాలా వద్దా అన్నది కేసు వారీగా పరిశీలిస్తామన్నారు.

కేసును వేరే ప్రాసిక్యూటర్‌కు ఇచ్చే ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇదే. ఆమె పదవి పోలేదు, మిగతా వేల కేసులు ఆమె చేతిలోనే ఉన్నాయి. పోయింది గొడవ ఉన్న కేసులు మాత్రమే. లాయిడ్ విషయంలో బయటి నుంచి వచ్చిన ప్రాసిక్యూటర్లు మరణశిక్ష అడిగితే, మొదటి హత్యకు జ్యూరీ యావజ్జీవమే ఇచ్చింది, పోలీసు అధికారిణి హత్యకు 2022లో మరణశిక్ష పడింది. అంటే చివరి మాట ప్రాసిక్యూటర్ది కాదు, గవర్నర్దీ కాదు. అయితే ఒక లోటుంది. ఓర్లాండో ఓటర్లు బ్రాడ్ కింగ్‌ను ఎన్నుకోలేదు. ఆయన నిర్ణయం నచ్చకపోతే ఆయన్ను దించే ఓటు వాళ్ల దగ్గర లేదు.

ఇక సస్పెన్షన్. అదే కుర్చీలోకి అయాలా తర్వాత మోనిక్ వోరెల్ వచ్చారు. 2023 ఆగస్టులో గవర్నర్ రాన్ డిశాంటిస్ ఆమె నేరగాళ్ల మీద మెత్తగా ఉన్నారంటూ సస్పెండ్ చేసి, ఆండ్రూ బెయిన్‌ను కూర్చోబెట్టారు. సుప్రీంకోర్టు దీన్నీ సమర్థించింది. కానీ 2024 నవంబరులో వోరెల్, బెయిన్ ఇద్దరూ పోటీ చేస్తే ఓటర్లు వోరెల్‌నే గెలిపించారు. ఏడాదికి పైగా ఆఫీసు ఒకరి చేతిలో, తర్వాత మళ్లీ ఆమె చేతిలో. మధ్యలో నలిగింది ఆ ఆఫీసు, కోర్టు వాయిదాల్లో ఉన్నవాళ్లు.

ఫ్లోరిడాలోనే ఉన్న టాంపాలో ఇంతకంటే విడ్డూరం. 2022లో అక్కడి స్టేట్ అటార్నీ ఆండ్రూ వారెన్‌ను డిశాంటిస్ తీసేయడానికి ముఖ్య కారణం, అబార్షన్ కేసులు నడపబోమన్న ప్రాసిక్యూటర్ల ఉమ్మడి ప్రకటన మీద ఆయన చేసిన సంతకం. అసలు అలాంటి కేసు ఒక్కటీ ఆయన ముందుకు రాలేదు! లేని కేసుకు స్పెషల్ ప్రాసిక్యూటర్ని వేయలేరు కదా, మనిషినే తీసేశారు. టెన్షన్ పడాల్సింది ఇక్కడే. మాటకు ఉద్యోగం పోతుందంటే తర్వాత వచ్చేవాళ్లు విధానం మార్చుకోరు, బయటికి చెప్పడం మానేస్తారు.

స్పెషల్ ప్రాసిక్యూటర్ వైపే నా మొగ్గు, కానీ ఎవరు వేస్తారన్నది చూడాలి. గవర్నర్ ఒక్క సంతకంతో వేయడం కంటే టెన్నెస్సీ 2021లో తెచ్చిన పద్ధతి నయం. ఏదైనా నేరానికి కేసులు నడపనే నడపనని డీఏ (డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే స్థానిక ప్రాసిక్యూటర్) మొండికేస్తే, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ వెళ్లి కోర్టును అడగాలి. కోర్టుకు నమ్మకం కలిగితేనే తాత్కాలిక ప్రాసిక్యూటర్. పెన్సిల్వేనియా 2023లో చేసిన చట్టం మాత్రం నాకు మింగుడు పడదు. ఫిలడెల్ఫియా రైళ్లు, బస్సుల్లో జరిగే నేరాలకు ప్రత్యేక ప్రాసిక్యూటర్ అన్నారు. చూపు ఒక్క నగరం మీద, అక్కడి డీఏ లారీ క్రాస్నర్ మీద.

స్కాట్, డిశాంటిస్ ఇద్దరూ రిపబ్లికన్లే కాబట్టి ఇది ఒక పార్టీ ఆయుధమే అనుకుంటే పొరపాటు. 2015లో న్యూయార్క్ గవర్నర్‌గా ఉన్న డెమొక్రాట్ ఆండ్రూ క్యూమో, నిరాయుధుల్ని పోలీసులు చంపిన కేసులను స్థానిక డీఏల నుంచి అటార్నీ జనరల్‌కు ఇచ్చారు. రోజూ పోలీసులతో కలిసి పనిచేసే డీఏ వాళ్ల మీదే కేసు నడపగలరా అన్న అనుమానానికి అది సరైన మందు.

చిన్న నేరాల దగ్గరికొస్తే మాత్రం ఈ మందు పనిచేయదు. 2019లో ఇండియానాపొలిస్ ప్రాసిక్యూటర్ ర్యాన్ మియర్స్, ఒక ఔన్స్ లోపు, అంటే దాదాపు 28 గ్రాముల లోపు గంజాయి దొరికితే కేసు నడపనన్నారు. ఇలాంటి చోట్లకు స్పెషల్ ప్రాసిక్యూటర్ని పంపే వీలు కల్పించాలని అక్కడి చట్టసభలో 2020లో బిల్లు పెట్టారు. చట్టం కాలేదు. అయినా ఏం సాధించేవారు? జేబులో పొట్లం దొరికిన ప్రతి కుర్రాడికీ బయటి నుంచి లాయర్ని దింపి జీతం ఇవ్వాలా? అలాంటి విధానం బాగుందో లేదో ఓటరు చెప్పాల్సిందే. 2022లో మియర్స్ ఓటర్ల ముందుకు వెళ్లారు, గెలిచారు.