కణత్వచం, కణకవచం: తేడా కళ్లతో చూడండి

కణత్వచం అంటే సెల్ మెంబ్రేన్, కణకవచం అంటే సెల్ వాల్. హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఈ రెండూ కలిసిపోయి టెన్షన్ పెడతాయి. తేడాల పట్టిక బట్టీ పట్టడం కన్నా ఒక్క స్లైడ్ చూడటం మేలని నా నమ్మకం. ఇళ్ల ముందు కుండీల్లో పెంచే రియో మొక్క ఆకు చాలు. అడుగువైపు ఊదా పొరను పల్చగా ఒలిచి, చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టండి. కాసేపటికి కణాల్లోని నీరు బయటికి పోయి ఊదారంగు ముద్దగా ముడుచుకుంటుంది. ఆ ముద్దను చుట్టి ఉన్నదే త్వచం. బయటి గళ్లు మాత్రం అలాగే నిలబడతాయి, అవి కవచం.

మొక్కల్లో కవచం ప్రధానంగా సెల్యులోజ్ అనే పీచు పదార్థం. ఆకారం, ఆసరా ఇస్తుంది. నీటినీ లవణాలనూ పెద్దగా ఆపదు.

ఏది లోపలికి రావాలో తేల్చేది త్వచమే. మందం 7-8 నానోమీటర్లే! రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లు (ఒక రకం కొవ్వు అణువులు), తలలు నీటివైపు, తోకలు రెండు వరుసల మధ్యకు. వాటి మధ్య కదిలే ప్రోటీన్లు. 1972లో సింగర్, నికోల్సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనా ఇదే. ఆక్సిజన్ నేరుగా దూరిపోతుంది, గ్లూకోజ్‌కు ప్రోటీన్ దారి చూపాలి. జంతుకణాల్లో త్వచంలోని ఒక ప్రోటీన్ పంపు ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుతో 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది.

మన ఎర్రరక్తకణాలకు కవచం లేదు, స్వేదనజలంలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. మొక్క కణం ఉబ్బినా కవచం పగలనివ్వదు.