రీల్ చూసి వెళ్లిన బొంగు చికెన్

మా అమ్మాయి పెళ్లిరోజని మొన్న ఆదివారం రుషికొండ వైపు ఓ రెస్టారెంట్‌కి వెళ్లాం. పేరు రాయడం లేదు. ఒక్క రీల్ చూసే బయల్దేరాం. తిండి వీడియోలు చేసే ఒకబ్బాయి బొంగు చీల్చి, పొగలు కక్కుతుంటే "అరకు వెళ్లక్కర్లేదు, అసలు రుచి ఇక్కడే" అన్నాడు. గంటసేపు బయట నిలబడ్డాం. మాతో నిలబడ్డవాళ్లలో చాలామంది ఫోన్లలో అదే రీల్.

నేను పాడేరులో ఎనిమిదేళ్లు టీచర్‌గా చేశాను. అక్కడ అప్పుడే కొట్టిన పచ్చి బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. బొంగు పైన నల్లగా మాడుతుంది, లోపల ఆ చెమ్మతోనే ముక్క మగ్గుతుంది.

మా టేబుల్ మీదికి వచ్చిన బొంగు పసుప్పచ్చగా, నున్నగా ఉంది. ఎక్కడా మసి లేదు. ముట్టుకుంటే చల్లగా ఉంది. వంచగానే ముక్కల కంటే ముందు ఎర్రటి నూనె కారింది. బాణలిలో వండిన కూరని, కడిగి దాచుకున్న బొంగులో పోసి తెచ్చారు. 580 రూపాయలు! వడ్డించే కుర్రాడిని అడిగితే పాపం, అబద్ధం చెప్పలేదు. "వీడియో రోజు అరకు నుంచి తెప్పించారు మేడమ్. వీడియో చేసేవాళ్లకి ప్యాకేజీ ఉంటుంది కదండీ."

నాకు ఒళ్లు మండింది ఆ మాటకే. కూర బాగోకపోతే ఇంకోసారి వెళ్లం, అంతే. డబ్బు తీసుకుని, తీసుకున్న మాట దాచి, "నా ఫేవరెట్ ప్లేస్" అని చెప్పడం మోసం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే స్పష్టంగా చెప్పింది: డబ్బే కాదు, ఉచితంగా వస్తువులిచ్చినా, హోటల్లో బస ఇచ్చినా ఆ సంగతి చూసేవాళ్లకి తెలియాలి. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, కింద రాసి ఊరుకుంటే చాలదు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ముందే సరిచూసుకోకుండా చెప్పేశానంటే కుదరదు. ఆ రీల్ మూడుసార్లు చూశాను, ప్రకటన అన్న మాట ఎక్కడా లేదు. మర్యాదగానే కామెంట్ పెడితే సాయంత్రానికి తీసేశారు. స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను.

కోనం వేపుడు మాత్రం నిజంగా బాగుంది. తాజా చేప, కారం సరిగ్గా పట్టింది, మా మనవడు రెండు ముక్కలు తిన్నాడు. వెళ్తే అది తినండి. బొంగు చికెన్ తినాలనిపిస్తే అరకు ఘాట్ రోడ్డులో బండి ఆపి, నిప్పుల మీద కాలుతుండగా చూసి కొనుక్కోండి.