జోయిడ్‌బర్గ్ బొమ్మ: డెక్క విరిగి వచ్చింది, అయినా వెనక్కి పంపలేదు

ముందే చెప్పేస్తున్నాను, 5కి 3 స్టార్లే. డెక్క విరిగి వచ్చినందుకు ఒకటి, మీసాలు పెట్టినందుకు ఒకటి కోసేశాను. మీసాల సంగతి తర్వాత చెప్తాను.

నేను పూసపాటిరేగ దగ్గర ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని, ఉండేది విజయనగరంలో. పగలంతా ట్యాంకుల దగ్గర వనామీ తల్లి రొయ్యల్ని చూసుకుని రాత్రి ఇంటికొచ్చి ఫ్యూచరామా పెట్టుకునేవాడికి, 1,499 రూపాయలు పోసి డాక్టర్ జోయిడ్‌బర్గ్ బొమ్మ కొనుక్కోవాలనిపించడంలో వింతేం లేదు. తెలియనివాళ్ళ కోసం: మ్యాట్ గ్రోనింగ్ తీసిన కామెడీ కార్టూన్ అది, 1999లో మొదలైంది, కథ మాత్రం ఇప్పటికి వెయ్యేళ్ళ తర్వాత జరుగుతుంది. అందులో ఒక డెలివరీ కంపెనీకి జోయిడ్‌బర్గ్ డాక్టరు. మనిషి ఒంట్లో ఏది ఎక్కడ ఉంటుందో తెలియని డాక్టరు, ఎందుకంటే తను మనిషి కాదు. డెకాపాడ్ 10 అనే గ్రహం నుంచి వచ్చిన ఎర్రటి జీవి, చేతుల బదులు డెక్కలు, నోటి ముందు గడ్డంలా వేలాడే టెంటకిల్స్, చేతిలో పైసా ఉండదు, తిండి కనిపిస్తే ఆగడు. అలాంటి డెలివరీ కంపెనీ డాక్టరుని ఇక్కడి డెలివరీవాళ్ళే విరగ్గొట్టి తెచ్చారన్నమాట.

కొరియర్ కుర్రాడు మూడు లాంతర్ల దగ్గర నిలబడి మూడుసార్లు ఫోన్ చేశాడు, నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. పెట్టె విప్పితే లోపల ఒక పొర బబుల్ ర్యాప్, అంతే. బొమ్మ జానెడు ఎత్తు ఉంటుంది, రెజిన్‌తో చేసింది, చేత్తో పట్టుకుంటే బరువుగానే ఉంది. ఎడమ డెక్క మోచేతి దగ్గర విరిగి పెట్టె అడుగున పడి ఉంది. అమ్మ చూసి, "ఏట్రా ఇది, రొయ్యకి డాక్టరు కోటేసినారేటి?" అంది. ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ పాత్ర గురించి నేను అరగంట క్లాసు పీకాను.

బాగున్నవి చెప్తాను. రంగు సరిగ్గా కుదిరింది, ఉడికించిన పీత రంగు కాదు, కొంచెం గులాబీ కలిసిన ఎరుపు. కోటు ముడతలు, కాళ్ళకి చెప్పులు, అన్నీ ఉన్నాయి. నోటి టెంటకిల్స్‌ని విడివిడిగా చెక్కారు, ఒక్కోటి ఒక్కో వంపు తిరిగి ఉంది, వాడు ఏదో గొణుగుతున్నట్టే ఉంటుంది. ఆ మొహం చూసి గ్యారంటీగా నవ్వొస్తుంది.

ఇక మీసాలు. రొయ్యకి లేవా బారెడు మీసాలు అనే సామెత ఈ బొమ్మ చేసినవాడి చెవిన కూడా పడినట్టుంది, నుదుటి మీద నుంచి రెండు వైరు ముక్కలు లాగి వదిలాడు. జోయిడ్‌బర్గ్‌కి మీసాలు లేవండీ. ఏ లాబ్‌స్టర్ ఫొటోనో పక్కన పెట్టుకుని "సరిదిద్దాడు". ఇక్కడే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఈ జాతిలో ఉన్న మజా అంతా అది ఏ ఒక్క జంతువూ కాకపోవడమే. డెకాపాడ్ అంటే పది కాళ్ళది, రొయ్యా పీతా లాబ్‌స్టరూ అన్నీ ఆ కుటుంబమే, ఐదు జతలు లెక్కపెట్టి చూసుకోవచ్చు. వీడికేమో రెండు కాళ్ళు, రెండు డెక్కలు, అక్కడితో సరి. భయపడితే సిరా చిమ్ముతాడు, అది కణవ చేప పని. గుండె సంగతి ఇంకా ఘోరం. వీళ్ళంతా 1947కి వెళ్ళిపడే ఎపిసోడ్ ఒకటుంది, ఎమ్మీ అవార్డు కూడా వచ్చింది దానికి. అందులో మిలిటరీ డాక్టర్లు వీణ్ణి బతికుండగానే కోసి గుండె బయటికి తీస్తే, తీసుకోండి నాకు నాలుగున్నాయి అన్నట్టు మాట్లాడతాడు. మా ల్యాబులో మైక్రోస్కోపు కింద పిల్ల రొయ్యని పెడితే గాజులాంటి ఒంట్లో ఒకే ఒక్క గుండె టకటకా కొట్టుకుంటూ కనిపిస్తుంది. నాలుగు గుండెలు రాసినవాళ్ళకి ఈ సంగతి తెలియదనుకోను, తెలిసే కలిపేశారు.

అయితే ఈ బొమ్మలో ఒక్కటి మాత్రం ప్రాణం పెట్టి చేశారు. తల వెనక చిన్న అయస్కాంతం ఉంది, పెట్టెలో విడిగా ఒక తురాయి ఇచ్చారు, కావాలంటే తగిలించుకోవచ్చు. కార్టూన్ చూసినవాడికే అర్థమయ్యే ముక్క అది. ఈ జాతికి జతకట్టే సీజన్ వస్తే మగవాడికి తల మీద తురాయి లేచి నిలబడుతుంది, పిచ్చెక్కినట్టు తిరుగుతాడు, సొంత గ్రహానికి పరుగెత్తాల్సిందే. 2000లో వచ్చిన ఎపిసోడ్‌లో జోయిడ్‌బర్గ్ అలాగే వెళ్ళి ఒక అమ్మాయి వెంటపడతాడు, పాపం మాటలు రాక తన కంపెనీలోనే పనిచేసే ఫ్రై అనే మనిషి కుర్రాడి దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటాడు, ఆ అమ్మాయేమో ఫ్రైనే ఇష్టపడుతుంది. దాంతో క్లా-ప్లాఖ్ అనే చావో రేవో కుస్తీ, ఫ్రై చెయ్యి తెగిపడుతుంది, వీళ్ళు కొట్టుకుంటూ ఉండగానే జనమంతా, ఆ అమ్మాయితో సహా, సముద్రంలోకి దిగిపోతారు. జతకట్టగానే అందరూ చచ్చిపోతారు, అదీ వాళ్ళ పద్ధతి, మన జోయిడ్‌బర్గ్ మిగిలిపోతాడు. రొయ్యలు అలా చావవు, అది సాల్మన్ చేపల, ఆక్టోపస్‌ల కథ. మా హేచరీలో అయితే ఆడ రొయ్య తొందరగా గుడ్లకి రావాలని ఒక కంటి కాడని నలిపేస్తారు, గుడ్లు ఎదగకుండా ఆపే హార్మోను అక్కడి నుంచే వస్తుంది కాబట్టి. ఆ పని చేసిన రోజు నాకు అన్నం సరిగ్గా దిగదు. ఏ నొక్కుడూ లేకుండా తురాయి దానంతటదే లేచే జాతిని చూస్తే అందుకేనేమో అంత ఇష్టం.

అమ్మకి ఇవన్నీ పట్టలేదు కానీ ఒక్క విషయం మాత్రం పట్టింది. ఈ జాతి భూమికి వచ్చిన కొత్తలో ఆంచోవీలన్నీ తినేసి ఒక్కటి కూడా మిగల్చలేదని చెప్పాను. ఆంచోవీలంటే మన నెత్తళ్ళే. "మొత్తం నెత్తళ్ళన్నీనా?" అని ఆగిపోయింది. ఎండు నెత్తళ్ళు వంకాయలో వేసి వండే మనిషికి అంతకన్నా పెద్ద గ్రహాంతర దాడి ఉండదు. వీళ్ళు తర్వాత భూమిని నిజంగానే ఆక్రమించి మనుషుల్ని బానిసల్ని చేస్తారమ్మా, అదీ వీడు జెండా తిన్నందుకు మొదలైన గొడవలోనే అంటే, అది మాత్రం వినలేదు.

అమ్మినవాళ్ళ సర్వీసు గురించి రెండు మాటలు. ఫొటోలు పంపితే రెండు రోజులు జవాబు లేదు, తర్వాత "మీ రొయ్య బొమ్మ కంప్లైంట్ నమోదైంది" అని మెసేజ్. డబ్బులు ఇవ్వం, విడి భాగం పంపుతాం అన్నారు, సరే అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత చిన్న కవర్లో డెక్క వచ్చింది, కుడిది. విరిగింది ఎడమదని ఫొటోలో గుర్తు పెట్టి మరీ పంపాను. నిజం పీతకైతే డెక్క ఊడినా రెండు మూడుసార్లు గుల్ల విడిచేసరికి కొత్తది మొలుచుకొస్తుంది, నేను ఫెవిక్విక్‌తో అంటించుకున్నాను. అతుకు దగ్గర తెల్లగా గీత పడింది కానీ కోటు చెయ్యి కింద దాగిపోయింది. మీసాలు కటింగ్ ప్లేయర్‌తో తీసేశాను, ఆ రెండు కన్నాల్లో కొంచెం ఎర్ర రంగు పూస్తే సరిపోయింది.

కొనేవాళ్ళు పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ఇంతకీ ఎవరి బొమ్మకైనా కుడి డెక్క విరిగి ఉంటే చెప్పండి, నా దగ్గర ఒకటి అదనంగా ఉంది.