మూడేళ్ళుగా ప్రీగాబాలిన్, ఏడాదిన్నరగా ఆల్ఫా లిపోయిక్ యాసిడ్: నా అనుభవం

నాకు షుగర్ వచ్చి పదహారేళ్ళు. మూడేళ్ళ క్రితం అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. పగలు కుట్టుమిషన్ మీద ఉన్నంతసేపూ పెద్దగా తెలిసేది కాదు. రాత్రి పడుకున్నాక మాత్రం దుప్పటి తగిలినా కారం పూసినట్టుండేది. కాళ్ళకు తడిగుడ్డ చుట్టుకుని తెల్లార్లూ కూర్చున్న రోజులున్నాయి.

డాక్టరుగారు సన్నటి నైలాన్ పోగు బొటనవేళ్ళకు ఆనించి చూశారు. ఆనిన సంగతే నాకు తెలియలేదు. షుగర్ వల్ల కాళ్ళ నరాలు దెబ్బతిన్నాయన్నారు. రక్తపరీక్షలో బి12 కూడా తక్కువ. ఏళ్ళ తరబడి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడితే అలా తగ్గొచ్చట, అంతకుముందు ఎవరూ చెప్పలేదు. బి12 ఇంజెక్షన్లు, రోజూ ఒక నరాల విటమిన్ క్యాప్సూల్, రాత్రికి నరాల నొప్పి తగ్గించే ప్రీగాబాలిన్ 75 మి.గ్రా. రాశారు. తర్వాత దాన్ని రెండు పూటలా చేశారు.

ప్రీగాబాలిన్ గుణం రెండో వారానికే కనిపించింది. మంట పూర్తిగా పోలేదు గానీ నిద్ర పట్టింది, ఆ నిద్ర విలువ మంటలు ఉన్నవాళ్ళకే తెలుసు. అయితే పొద్దున్నే మత్తు, తల తిరగడం. ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగాను. షుగర్ మనిషికి అది చిన్న విషయం కాదు.

ఒకరోజు మా అబ్బాయి ఆ విటమిన్ స్ట్రిప్ వెనక చదివాడు. అందులో నరాల మంటకు వాడే ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మి.గ్రా. మాత్రమే ఉంది. ఇలాంటి నొప్పి మీద 2006లో వచ్చిన సిడ్నీ 2 పరిశోధనలో ఆ మందునే రోజుకు 600, 1200, 1800 మి.గ్రా. చొప్పున ఇచ్చి చూశారు. నొప్పి తగ్గడానికి 600 చాలింది, మోతాదు పెంచితే వికారమే పెరిగింది. అది చూపించి అడిగితే డాక్టరుగారు విసుక్కోకుండా విన్నారు. 600 మొదలుపెట్టి, పరగడుపున వేసుకోమన్నారు, అన్నంతో పాటైతే ఒంటికి సరిగా పట్టదట. షుగర్ పడిపోవచ్చు, మీటరుతో చూసుకోమని కూడా చెప్పారు.

మొదటి రెండు వారాలు కడుపులో తిప్పింది, మూత్రం ఘాటుగా వాసన వచ్చింది. మూడో నెలకు మంట పదికి ఏడు నుంచి నాలుగుకు దిగింది. ప్రీగాబాలిన్ మళ్ళీ ఒక పూటకు తగ్గించారు, పొద్దుటి మత్తు పోయింది. నాకు ఇదే పెద్ద లాభం. మొద్దుబారడం మాత్రం అలాగే ఉంది, మిషన్ తొక్కేటప్పుడు కాలు ఎక్కడుందో ఇప్పటికీ చూసుకోవాలి. నాలుగేళ్ళు నడిచిన నాథన్ 1 పరిశోధనలో కూడా లిపోయిక్ యాసిడ్‌తో ఆశించిన ప్రధాన ఫలితం రాలేదు. కాబట్టి నరం బాగవుతుందని ఎవరికీ ఆశ పెట్టలేను.

రెండు తప్పులు చెప్పాలి. ఊరెళ్ళినప్పుడు మాత్రలు అయిపోయి ప్రీగాబాలిన్ మూడు రోజులు ఆపేశాను. చెమటలు, ఒకటే టెన్షన్, కంటిమీద కునుకు లేదు. అది ఆపాలంటే మెల్లగా తగ్గిస్తూ రావాలి. ఇంకోసారి నా నరాల విటమిన్‌తో పాటు ఒక మందుల షాపులో ఇచ్చిన బలం మాత్ర కూడా కలిపి వేసుకున్నాను. రెండింటిలోనూ బి6 ఉంది. అది ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలకే చేటని తర్వాత తెలిసి భయం వేసింది. ఇప్పుడు స్ట్రిప్ చదవకుండా ఏదీ వేసుకోను.

మందుల ఖర్చులో పెద్ద వాటా లిపోయిక్ యాసిడ్‌దే. అందుకని దాన్ని రెండు నెలలు ఆపి చూద్దామన్నారు డాక్టరుగారు. మంట ఎంతుందో రోజూ రాత్రి నోటుబుక్కులో రాస్తున్నాను. నిన్నటికి పన్నెండు రోజులు, అంకె ఇంకా నాలుగు దగ్గరే ఉంది.