వంగిన ప్రొపెల్లర్, విరిగిన స్కెగ్, వంకరపోయిన షాఫ్ట్: బాగుచేయించి వాడాక

మాది ఒడిశాలో గంజాం జిల్లా, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ పక్క ఊరు. ఫైబర్ పడవకి 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు. మొగలో ఇసుక మేట ఒక్క చోట ఉండదు. వరదకు కొట్టుకొచ్చిన మాను ఒకటి ఆ మేటలో కూరుకుపోయి ఉంటే దానికి తగిలింది మోటారు. ప్రొపెల్లర్ మూడు రెక్కల్లో రెండు వంగాయి, స్కెగ్ (ప్రొపెల్లర్ కింద మోటారు అడుగున ఉండే రెక్కలాంటి ముక్క) కొన ఊడింది, ప్రొపెల్లర్‌ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్, కొంచెం వంకరపోయింది. నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్లను కాపాడడం కోసం ఇక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట బంద్, కాబట్టి రిపేర్లకు తీరిక బాగానే దొరికింది.

రెక్కల పని అద్భుతం. బరంపురంలో ముసలి మేస్త్రీ ఒకాయన చేశాడు. రెక్క మీద బట్టలసబ్బుతో గీత గీసి వెనకనుంచి గ్యాస్ మంట పెట్టాడు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు, చూస్తూండగానే కరిగి కారిపోతుంది. శుద్ధమైనదే 660 డిగ్రీలకు కరుగుతుంది, పోత లోహం ఇంకా ముందే. వేడి చాలిందని చెప్పేది ఆ సబ్బు గీతే. అది నల్లబడగానే, "ఇంక చాలు బాబూ, మంట తీసేయ్" అని కుర్రాడికి చెప్పి, చెక్క దిమ్మ మీద పెట్టి చెక్క సుత్తితోనే కొట్టాడు. వంగని మూడో రెక్కకు అట్టముక్క కత్తిరించి, మిగతా రెండూ దానికి సరితూగేదాకా వదల్లేదు. చివర్న కడ్డీకి గుచ్చి తిప్పితే బరువు రెక్క కిందికి దిగుతుంది, దాన్ని ఆకురాయితో అరగదీశాడు. ఇప్పటికీ అదురు లేదు. చల్లగా ఉండగా సుత్తితో కొట్టేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి, మొదట్లో పగులు కనిపించదు గానీ రెక్క సముద్రం మధ్యలో ఊడొచ్చు.

స్కెగ్‌కి ఆర్గాన్ వెల్డింగ్ పర్లేదు. గేర్‌కేస్ (మోటారు అడుగున గేర్లు ఉండే పెట్టె) విప్పి, నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీళ్లు తీశాకే వేయించాలి, లేకపోతే వేడికి మాడిపోతాయి. అతుకు అంచున ఉప్పునీటికి అల్యూమినియం తెల్లగా పొడి కడుతుంది, ఏటా గీకి రంగు వేస్తున్నా. రాగి కలిసిన రంగు వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

షాఫ్ట్ మాత్రం డబ్బు దండగ. ఒక లేత్ షాపులో ప్రెస్ పెట్టి సాపు చేశారు, గ్యారంటీ కూడా ఇచ్చారు. కొన్నాళ్లకే గేర్ ఆయిల్ పాలలా తెల్లబడింది. కంటికి కనబడని వంకర చాలు, తిరిగినప్పుడల్లా ఆయిల్ సీల్ పెదవిని ఓ పక్కకు నెట్టి నీళ్లు లోపలికి లాగుతుంది. అడిగితే సీలే మంచిది కాదన్నారు! చూసుకోవడం తేలికే. ప్లగ్ వైరు పీకి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, గేర్‌కేస్‌కి ఒక తీగ కట్టి, దాని కొన షాఫ్ట్ కొనకు ఆనీ ఆననట్టు ఉంచి, షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. సందు మారుతూ ఉంటే కొత్త షాఫ్ట్, కొత్త సీళ్లు కొనాల్సిందే.

నేను చివరికి అదే కొన్నాను. ఇప్పుడు సాపు చేయించిన ప్రొపెల్లర్ మొగ లోపల వలకు, కొత్త ప్రొపెల్లర్ బయటి వేటకు.