28 లీటర్ల ఓటీజీ: బేక్ సేల్‌కి 120 కప్‌కేకులు చేశాక రాస్తున్న రివ్యూ

ఈ ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) కొని తొమ్మిది నెలలైంది. నేను మామూలుగా రివ్యూలు రాసే రకం కాదు, కానీ కొనేముందు ఇక్కడున్నవన్నీ కూర్చుని చదివితే సగం "డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్" బాపతే, డబ్బా విప్పకముందే అయిదు స్టార్లు కొట్టేసినట్టున్నారు. నేను మాత్రం దీన్ని ఒక శనివారం పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఆపకుండా వాడాను కాబట్టి చెప్పడానికి చాలా ఉంది.

సంగతేంటంటే మేముండేది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు, మా అపార్ట్‌మెంట్ వెనక సందులో ప్రభుత్వ బడి ఉంది, అక్కడ వాటర్ ఫిల్టర్ పాడై పిల్లలు ఇంటి నుంచే బాటిళ్లు మోసుకొస్తున్నారు. మూడో ఫ్లోర్ వదిన (వదిన అంటే సొంత వదినేం కాదు, మా ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు వదిన) "చందా అంటే ఎవరూ తలుపు తియ్యరు, వినాయక చవితికే పిండేశారు అందర్నీ, ఏదైనా చేసి అమ్ముదాం, నీ దగ్గర ఓవెన్ ఉందిగా" అంది. ఉందిగా అన్న ఆ ఒక్క మాటకి నేను 120 కప్‌కేకులు, 240 ఉస్మానియా బిస్కెట్లు ఒప్పేసుకున్నా. లెక్క వేసుకోకుండా!

అప్పటిదాకా ఇంట్లో వాడకానికి దీని మీద నాకే కంప్లైంటూ లేదు. నలుగురికి ఒక అరకిలో కేక్, వారానికోసారి పనీర్ టిక్కా, బాగానే చేస్తుంది. మా దాంట్లో 12 గుంటల మఫిన్ ట్రే మాత్రం పట్టదు. ఆరు గుంటలదే పడుతుంది. అంటే 120కి ఇరవై వాయిలు, వాయికి ఇరవై నిమిషాలు, తీయడం పెట్టడం కలిపితే ఏడు గంటల పైనే, అదీ కప్‌కేకులకి మాత్రమే. ఇది నాకు శుక్రవారం రాత్రి తట్టింది.

పరిష్కారం బేగంబజార్‌లో దొరికింది. అక్కడ కేకు సామాన్లమ్మే షాపుల్లో గట్టి కాగితం కప్పులుంటాయి, మామూలు పల్చటి లైనర్లలా వాలిపోకుండా వాటంతట అవే నిలబడతాయి. మఫిన్ ట్రే పక్కన పడేసి, ఓవెన్‌తో వచ్చిన చదును ట్రే మీదే ఈ కప్పులు పన్నెండు పేర్చేశా. సగానికి సగం వాయిలు తగ్గాయి. చిన్న ఓవెన్ ఉన్నవాళ్లు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు. రెండు ర్యాకుల్లో రెండు ట్రేలు పెట్టేద్దాం అనుకోకండి, ఈ మోడల్లో ఫ్యాన్ లేదు, పైది మాడుతుంది కిందది పిండిగానే ఉంటుంది, నేను చేసి చూశా.

ఇప్పుడు అసలు తలనొప్పి. నాబ్ 180 డిగ్రీల మీద పెడితే లోపల 180 ఉండదు. మొదటి వాయి పైన నల్లగా పగిలి లోపల పచ్చిగా వచ్చింది. అనుమానమొచ్చి ఓవెన్ థర్మామీటర్ తెప్పించి లోపల వేలాడదీస్తే 205 చూపించింది. నాబ్ 160 దగ్గరికి తిప్పితే అప్పుడు 180కి వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తొమ్మిది రోజులకి ఒకతను వచ్చాడు, చెయ్యి లోపల పెట్టి "వేడిగానే ఉంది కదా మేడమ్" అని వెళ్లిపోయాడు. దానికి నేను ఒక స్టార్ కట్ చేస్తున్నా. పైగా వెనక వరస ముందు రంగు తిరుగుతుంది, కాబట్టి పన్నెండు పదమూడు నిమిషాలయ్యాక ట్రే ఒకసారి వెనక్కి ముందుకి తిప్పాలి. అంతకన్నా ముందే తలుపు తెరిస్తే కప్‌కేక్ నడుం విరిగినట్టు కూలబడుతుంది.

ఇంకో పెద్ద దెబ్బ. సేల్ పెట్టింది కార్తీక మాసంలో ఆదివారం, ఈ సంగతి ఇద్దరికీ తట్టలేదు, వాట్సాప్ గ్రూప్‌లో పెట్టగానే "ఎగ్‌లెస్సేనా అమ్మా" అని వరసగా మెసేజ్‌లు. సరే అన్నీ పెరుగు, వంటసోడాతో చేద్దామని ఒకేసారి పెద్ద గిన్నెలో మొత్తం కలిపేశా. పెరుగులో పులుపు సోడాకి తగలగానే బుడగలొస్తాయి, ఆ బుడగలున్నప్పుడే ఓవెన్లోకి వెళ్లాలి, మన దగ్గరేమో ఓవెన్ చిన్నది, వాయికి ఇరవై నిమిషాలు. ఆ గిన్నె పిండితో మొదటి వాయి గుమ్మటంలా పొంగింది, రెండోది పర్లేదు, మూడోది అట్టు. అక్షరాలా అట్టే, మా అబ్బాయి దానికి జామ్ రాసుకుని తిన్నాడు. తర్వాత నుంచి పొడి పిండి ఒక గిన్నెలో, పెరుగు పంచదార నూనె ఇంకో గిన్నెలో విడిగా ఉంచి, ఏ వాయికావాయి కొలిచి కలిపా, అన్నీ ఒకేలా వచ్చాయి. ఇది ఓవెన్ తప్పు కాదు, కానీ 28 లీటర్లది కొనేవాళ్లకి ఈ కష్టం తప్పదు.

బిస్కెట్ల విషయంలో మాత్రం దీన్ని మెచ్చుకోవాలి. వెన్న, కస్టర్డ్ పౌడర్, పాలపొడి, కాస్త ఎక్కువనిపించేంత ఉప్పు వేసిన ఉస్మానియా ముద్ద పక్కన పెట్టినా పాడవదు, పైగా ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా బాగా కట్ అవుతుంది. పావుగంటకో ట్రే దిగింది. సేల్‌లో ముందు అయిపోయినవి కూడా ఇవే, టీ ఫ్లాస్క్ పక్కన పెట్టిన మహత్యం.

కరెంటు గురించి అడుగుతున్నారు కొందరు. ఇది 1500 వాట్లు, అంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి వాడకండి, వదిన వాళ్లింట్లో ట్రై చేస్తే అడాప్టర్ మెత్తబడి కాలిన వాసన. గీజర్ లాంటి 16 ఆంపియర్ల పాయింట్ కావాలి. గంటకి ఎక్కువలో ఎక్కువ యూనిట్టున్నర, వేడెక్కాక మధ్యమధ్యలో ఆగుతుంది కాబట్టి అంతకూడా కాదు.

సేల్ సంగతికొస్తే, సెల్లార్లో రెండు టేబుళ్లు, కప్‌కేక్ 40, ఆరు బిస్కెట్ల ప్యాకెట్ 60, గుడ్డు లేదు జీడిపప్పు ఉంది లాంటివన్నీ పిల్లలు అట్టముక్కల మీద రాశారు. క్యూఆర్ కోడ్ పెట్టడంతో చిల్లర గొడవ తప్పింది. ఐదో ఫ్లోర్ అంకుల్ రెండు కప్‌కేకులు కొని పన్ను మినహాయింపుకి 80జీ రసీదు ఇస్తారా అమ్మా అన్నారు. అంకుల్, మనది ట్రస్టు కాదు, మీరు ఇచ్చింది విరాళం కాదు, కొనుక్కుని తిన్నారు అంటే నవ్వేసి ఇంకో నాలుగు పట్టుకెళ్లారు. వదిన అరటిపండు కేకులతో కలిపి మొత్తం 11,260 వచ్చింది, సామాన్ల ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఫిల్టర్‌కి తక్కువైంది సెక్రటరీ అంకుల్ కలిపారు.

మూడు స్టార్లు. నాబ్ కరెక్ట్‌గా ఉండుంటే నాలుగిచ్చేదాన్ని. పదిమందికి చేసి అమ్మే ఉద్దేశం ఉంటే 40 లీటర్ల పైనుండి, ఫ్యాన్ ఉన్నది చూసుకోండి. నాది ప్రస్తుతం పక్క బ్లాక్ వాళ్ల దగ్గరుంది, వాళ్లూ సేల్ పెడతారట. థర్మామీటర్ కూడా ఇచ్చి, 160 దగ్గర నేను మార్కర్‌తో గీసిన గీత తుడవొద్దని రెండుసార్లు చెప్పా.